తెగులు కాదమ్మా, పీకకు

పండూ, నువ్వు ఇక లేవన్న మాట నాకు గోదావరి మీద తెలిసింది.

నేనూ నాన్నా రాజమండ్రిలో రైలెక్కి నీ దగ్గరికే బయలుదేరాం. రైలు వంతెన మీదికి రాగానే అందరూ చిల్లర తీసి గోదారి తల్లికి వేస్తున్నారు. నేనూ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ తీశాను. నీ జ్వరం తగ్గించమని మొక్కుకుంటూ చెయ్యి కిటికీ ఊచల్లోంచి బయటికి పెట్టాను. అప్పుడే నాన్న జేబులో ఫోను మోగింది. "ఆయ్, చెప్పమ్మా" అన్నారు. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. నేను ఆయన మొహం చూశాను. అడగాల్సిన పని లేకపోయింది. కింద వరద నీళ్ళు ఎర్రగా పోతున్నాయి. కొవ్వూరు స్టేషను వచ్చేదాకా నా చెయ్యి అలా బయటే ఉంది. బిళ్ళ చేతిలోనే ఉండిపోయింది. ఇప్పటికీ వెయ్యలేదు.

చదివేవాళ్ళకి నేనెవరో చెప్పాలి కదా. మాది కడియం పక్కన ఊరు. నేను మొక్కల నర్సరీలో అంట్లు కడతాను. ఏడో తరగతితో బడి మానేశాను. మా ఆయన అదే నర్సరీలో లారీలకి మొక్కలు ఎక్కిస్తారు. మాకు ఒక్కతే కూతురు. డిగ్రీ అయ్యాక పై చదువుకని వేరే ఊరు వెళ్ళి, అక్కడ ల్యాబులో మొక్కల మీద పరిశోధన చేసేది. ఆ ల్యాబులో పిల్లలు ఏటా ఒక చిన్న పుస్తకం వేసుకుంటారట. ఈసారి మా అమ్మాయి గురించి నన్ను రాయమన్నారు. నేనేం రాస్తానమ్మా అంటే, ఫోనులో ఒక పిల్ల అంది: "మొక్కల గదిలో టమాటాల ట్రే దగ్గర అక్క తెలుగులో ఒక బోర్డు పెట్టిందండి. మిగతావన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. అదొక్కటీ తెలుగులో ఎందుకు పెట్టిందో మాకెవరికీ తెలీదు. మీకేమైనా తెలుసాండి?"

నాకు తెలుసు. ఆ బోర్డు నా కోసం పెట్టింది. నా చెయ్యి చేసిన పనికి పెట్టింది. ఆ పని సంగతి ఇంతవరకు ఒక్క పిల్లకి తప్ప నేను బయట ఎవరికీ చెప్పుకోలేదు, ఆ పిల్లా ఎవరికీ చెప్పినట్టు లేదు. ఇప్పుడు చెప్పేస్తాను.

మా అమ్మాయి నర్సరీలోనే పెరిగింది. నేను అంట్లు కడుతుంటే పక్కన కూర్చుని టేపు ముక్కలు కత్తిరించి ఇచ్చేది. ఆరేళ్ళప్పుడు ఒకరోజు జడ రిబ్బను విప్పేసి వచ్చింది. ఏం చేశావే అంటే, మందార కొమ్మకి బీరతీగ తెచ్చి అంటు కట్టి, ఆ రిబ్బనుతో చుట్టి వచ్చిందట. నాలుగు రోజులకి తీగ వాడిపోయింది. "ఎందుకు అంటుకోలేదమ్మా? గట్టిగానే కట్టాను కదా" అని ఒకటే ఏడుపు. "వాటికి చుట్టరికం లేదే, పండూ. మన ఇష్టానికి కట్టేస్తే కలుస్తాయా?" అన్నాను. ఏడుపు ఆపి, "చుట్టరికం ఉందో లేదో వాటికెలా తెలుస్తుంది?" అంది. అలాంటివి చాలా అడిగేది. నేను "పనికి అడ్డం రాకు" అనేదాన్ని.

తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఇంటి వెనక సొంతంగా వేసుకున్న టమాటా నారుమడికి ఆకుముడత తగిలింది. నర్సరీ పనిలో అందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది. తెగులు మొక్క కనిపిస్తే ఆలోచించకూడదు. పక్క మొక్కకి తగలకుండా వేరుతో సహా పీకి, కవర్లో వేసి, మూతి ముడేసి, దూరంగా తీసుకెళ్ళి తగలబెట్టాలి. నేను మడంతా పీకేశాను. మా అమ్మాయి గట్టు మీద నిలబడి చూసింది. "పీకకుండా బతికించే దారి లేదా అమ్మా?" అంది. "జబ్బు మొక్క మీద జాలిపడితే మడంతా పోద్ది" అన్నాను. మా అమ్మ నాకు చెప్పిన మాట అది. నేను దానికి చెప్పాను. అది మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. ఇంత చదువూ ఆ మాట ఒప్పుకోకపోవడం వల్లనే చదివింది అనుకుంటాను.

పరిశోధనలో చేరాక మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు, నీ పనేంటే అని అడిగాను. నేను మామిడంట్లు కడుతున్నాను. మా ఆయన పక్కన టీ తాగుతున్నారు.

"మొక్కలో బోలెడు జీన్లు ఉంటాయమ్మా. ఒక్కోటీ ఒక్కో పని చెబుతుంది. ఏది ఏ పని చెబుతోందో మనకెలా తెలుస్తుంది, చెప్పు?"

"నన్నడిగితే?"

"మనింట్లో అయితే ఎలా తెలుస్తుంది? ఒకళ్ళ నోరు మూయించి, ఏ పని ఆగిపోయిందో చూడటమే."

"అయితే ముందు మీ అమ్మది మూయించి చూడు. నర్సరీకి నర్సరీ ఆగిపోద్ది" అన్నారు మా ఆయన.

"మరి మీది మూయిస్తేనో?" అన్నాను.

"ఏమీ ఆగదు. టీ ఖర్చు తగ్గుద్ది."

అది పడీ పడీ నవ్వింది. నేను మళ్ళీ అడిగాను. "మొక్క నోరు ఎలా మూయిస్తావే?"

"వైరస్‌తో."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. "వైరసా! మేము దాన్ని వదిలించుకోలేక చస్తుంటే నువ్వు తెచ్చి ఎక్కిస్తున్నావా? మీ ల్యాబు మేడమ్ గారు చూస్తే ఊరుకుంటారా?"

"ఆవిడే నేర్పారు. అది కోరలు తీసేసిన పాము లాంటిదమ్మా, పెద్దగా కీడు చెయ్యదు. దాంట్లో మొక్క జీనులోదే చిన్న ముక్క ఒకటి అతికిస్తాం. నువ్వు అంటు కట్టినట్టే అనుకో. సూది లేని సిరంజితో ఆకు అడుగునుంచి లోపలికి ఎక్కిస్తాం. మొక్క ఊరుకోదు. వైరస్ మీద పడి ముక్కలు ముక్కలుగా నరుకుతుంది. ఆ ఊపులో, ఆ ముక్కలాగే ఉందని తన జీను చెప్పే మాటని కూడా నరికేస్తుంది. ఇంక ఆ జీను నోరు పెగలదు. ఏ జీను నోరు మూస్తే ఆకుముడత లోపలికి రాలేకపోతుందో, అది వెతుకుతున్నాం."

"పాపం, ఆ జీను చచ్చిపోద్దా?"

"చావదమ్మా. చంపడం కాదు. కొన్నాళ్ళు నోరు మూయించడం, అంతే. తర్వాత వచ్చే కొత్త ఆకుల్లో మళ్ళీ మాట్లాడొచ్చు కూడా."

ఆ మాట నాకు బాగా గుర్తు. చంపడం కాదు, కొన్నాళ్ళు నోరు మూయించడం.

దానికి ఒక చెడ్డ అలవాటు ఉండేది. వేళకి తినేది కాదు. ల్యాబులోకి తినే వస్తువు తీసుకెళ్ళకూడదట. అందుకని హాస్టల్లో పెట్టించుకున్న నాలుగు గిన్నెల కారియరు బయట గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట పెట్టి లోపలికి పోయేది. లోపల పనిలో పడితే కారియరు సంగతి మర్చిపోయేది. సాయంత్రం చెప్పులు వేసుకునేటప్పుడు కనిపిస్తే అప్పుడు మూత తీసేది. అప్పటికి పప్పు పులిసిపోయి ఉండేది. ఎప్పుడు ఫోను చేసి "తిన్నావా?" అన్నా "తింటానమ్మా" అనేది. నెలకోసారి నేను వెళ్ళి కందిపొడి, సున్నుండలు, గోంగూర పచ్చడి ఇచ్చి వచ్చేదాన్ని. సగం స్నేహితులకి పంచేసేది. వాళ్ళలో తుని నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది. దీనితో పాటు ఒకే బల్ల దగ్గర పనిచేసేది. "అమ్మా, మీ కందిపొడి మీద మేము బతుకుతున్నామండి" అనేది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం వెళ్ళాను. ఆ వారం చివర ఆ బ్యాచ్ మొక్కల ఆకులు పరీక్షకి కోసేస్తానని, కోసేసి పది రోజులు ఇంటికి వస్తానని చెప్పింది. ఆ రోజు నేను వండి తెచ్చిన అన్నం, కూరలు కారియరులో సర్ది గుమ్మం దగ్గర పెట్టి, నన్ను మొక్కల గది చూడటానికి తీసుకెళ్ళింది. నా చీర మీద తెల్లకోటు తొడిగి, "డాక్టరమ్మ గారు వచ్చారండోయ్" అని తుని అమ్మాయికి చూపించి నవ్వింది. గది చల్లగా ఉంది. అరల నిండా ట్రేలు, పైన ట్యూబులైట్లు. వాన లేదు, ఎండ లేదు. ఇలాంటి చోట కూడా మొక్కలు పెరుగుతాయా అనుకున్నాను. ఇంతలో వాళ్ళ మేడమ్ గారు పిలిచారు. "పది నిమిషాలమ్మా. ఇక్కడే కూర్చో" అని వెళ్ళింది.

నేను కూర్చోలేదు. మొక్కల మధ్య కూర్చోవడం నాకు చేతకాదు. అరలన్నీ చూసుకుంటూ వెళ్ళాను. కిటికీ వైపు అరలో టమాటా మొక్కలు ఉన్నాయి. కొన్నిటికి చిగురు తెల్లబడి ఉంది. కాగితంలా తెలుపు. తెల్ల ఆకు నాకు కొత్త కాదు. మా నర్సరీలో తెల్లచారల మొక్కలకే గిరాకీ ఎక్కువ. కానీ అవి రంగు కోసం పెంచేవి. టమాటా చిగురు తెల్లబడిందంటే తెగులే. నా కూతురు తిండి మానేసి వీటిని పెంచుతోంది, వీటికి తెగులు పట్టిన సంగతి కూడా చూసుకోలేదు అనుకున్నాను. చెయ్యి దానంతట అదే వెళ్ళింది. పక్క మొక్కకి తగలకుండా, వేరుతో సహా, ఒక్కొక్కటే పీకాను. పన్నెండు. నా సంచిలో ఉన్న కవర్లో వేసి మూతి ముడి వేశాను.

అది వచ్చింది. ఖాళీ గుంటలు చూసింది.

"అమ్మా, ఇక్కడి మొక్కలేవి?"

"పీకేశాను. తెగులు పట్టిందే! చూసుకోవద్దా? ఇంకా నయం, పక్కవాటికి పాకలేదు."

కవరు వైపు చూసింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ తెగులు నేనే పెట్టానమ్మా."

అప్పుడు చెప్పింది. ఏ జీను గురించి వెతుకుతున్నారో ఆ మొక్కలు పచ్చగానే ఉంటాయట. వాటిలో నోరు మూతపడిందో లేదో పైకి తెలీదట. అందుకని పక్కన కొన్ని మొక్కల్లో, ఆకు పచ్చగా ఉండటానికి పనికొచ్చే జీను నోరు మూయిస్తారట. అవి తెల్లబడితే పని జరిగిందని రుజువు. "ఇవి సాక్షులమ్మా. సాక్షులు లేకపోతే మిగతావి ఏం చెప్పినా చెల్లదు" అంది.

కవరు ముడి విప్పబోయాను. "మళ్ళీ పాతేద్దాం, పండూ. నీళ్ళు పోస్తే..."

"నువ్వు పీకితే వేరు మిగులుతుందా!" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"మళ్ళీ ఎన్నాళ్ళు?"

"విత్తనం నుంచి వెయ్యాలి. నెలన్నర."

"మేడమ్ గారు తిడతారా?"

"అది నేను చూసుకుంటాలే. నువ్వు కారియర్ విప్పు, ఆకలేస్తోంది."

ఆకలేస్తోందని అది నోరు తెరిచి చెప్పడం నేను వినలేదు అప్పటిదాకా. బయట మెట్ల మీద కూర్చుని నాలుగు గిన్నెలూ ఖాళీ చేసింది. వంకాయ కూర రెండోసారి అడిగి వేయించుకుంది. నా మొహం చూసి, నా కోసం తింది. నేను నా కూతురు తినగా చూడటం అదే ఆఖరు.

ఆ పది రోజులూ ఇంటికి రాలేదు. కొత్త విత్తనం వేసుకుంది. నెల పైన గడిచింది. ఒకరోజు ఫోనులో గొంతు వేరుగా ఉంది.

"అలా ఉందేంటే గొంతు?"

"కొంచెం జ్వరమమ్మా. మాత్ర వేసుకున్నా. ఎల్లుండి ఆకులు కోసెయ్యాలి. ఆలస్యమైతే పైన పచ్చ ఆకులు వచ్చేస్తాయి. కోసేసి నేరుగా ఇంటికే."

"తిన్నావా?"

"తింటానమ్మా."

ఆ పని వదిలేసి ఇప్పుడే వచ్చెయ్యి అనాలి నేను. నోటిదాకా వచ్చింది. కానీ మొదటి బ్యాచ్ నేనే పీకేశాను. రెండోది కూడా వదిలెయ్యమని ఏ మొహంతో చెప్పను? "సరే, జాగ్రత్త" అని పెట్టేశాను. ఆ ఒక్కసారి నా నోరు నేనే మూసుకున్నాను.

ఆకులు కోసింది. తుని అమ్మాయి చెప్పింది. అన్నీ కోసి, పేర్లు రాసి, ఫ్రీజర్లో సర్ది, కోటు తీసి కొక్కేనికి తగిలించి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుందట. మళ్ళీ లేవలేకపోయిందట. ఆసుపత్రిలో చేర్చి మాకు కబురు పెట్టారు. మర్నాడు మేము రైలెక్కాం. డెంగీ అన్నారు. రక్తంలో ఏవో పడిపోయాయన్నారు. ఎంత బలంగా ఉన్నా ఒక్కోసారి ఇలాగే అవుతుందన్నారు. నాకు మాత్రం ఒకటే మాట చెవిలో తిరిగేది. ఆ పన్నెండు మొక్కలు పీకకపోతే అది ఆ వారమే ఇంటికి వచ్చేది. రెండో బ్యాచ్ ఉండేది కాదు. జ్వరం వచ్చినా మంచం దిగకుండా పడుకునేది.

ఒకళ్ళ నోరు మూయించి ఏ పని ఆగిపోయిందో చూడటమేనని చెప్పింది కదా. చూస్తున్నాం. మా ఆయన టీ మానేశారు. లారీ ఎక్కించేటప్పుడు కూనిరాగం తీసేవారు, అదీ లేదు. ఆదివారం పది గంటలకి, అది ఫోను చేసే వేళకి, ఇద్దరం ఫోను వైపు చూడకుండా తలో పక్కకి వెళ్ళిపోతాం. కందిపప్పు వేయించి పదిహేను రోజులైంది, ఇంకా దంచలేదు. ఇన్ని పనులు ఆ ఒక్క గొంతు మీద నడుస్తున్నాయని మాకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

పెద్దకార్యం అయ్యాక దాని సామాను తెచ్చుకోవడానికి వెళ్ళాను. పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ వంట చేసి సంచిలో పెట్టేశాను. ఎవరికి చేశానో గుర్తొచ్చేసరికి గిన్నెలన్నీ నిండిపోయి ఉన్నాయి. అలాగే పట్టుకెళ్ళాను.

తుని అమ్మాయి ఎదురొచ్చింది. ఆ అమ్మాయితో అన్నాను, నా కూతుర్ని నా చెయ్యే తీసుకుపోయిందని. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "అలా అనకండమ్మా. జ్వరం దోమ వల్ల వచ్చింది. హాస్టల్లో ఇంకా నలుగురికి వచ్చింది."

"వాళ్ళు ఇళ్ళకి వెళ్ళి పడుకున్నారు కదమ్మా. మా అమ్మాయి ఆకులు కోసింది" అన్నాను. ఆ పిల్ల బీరువాలోంచి మా అమ్మాయి నోటుపుస్తకం తెచ్చి ఆ ఆదివారం నాటి పేజీ తీసింది. ఇంగ్లీషులో ఉంది. చదివి తెలుగులో చెప్పింది. "సాక్షి మొక్కలు పోయాయి. కారణం, ట్రే దగ్గర బోర్డు పెట్టకపోవడం. పొరపాటు నాది." అంతే రాసుకుంది. నా పేరు లేదు. అమ్మ అన్న మాట కూడా లేదు.

తర్వాత మొక్కల గదికి తీసుకెళ్ళింది. అదే కిటికీ, అదే అర. రెండో బ్యాచ్ సాక్షి మొక్కలు ఉన్నాయి. ట్రే ముందు అట్టముక్క నిలబెట్టి ఉంది. కళ్ళజోడు లేకుండా నేను చదవగలిగేంత పెద్ద అక్షరాలు, తెలుగులో.

"తెగులు కాదమ్మా, పీకకు."

మళ్ళీ నేను వస్తాననీ, చూస్తాననీ అనుకుంది నా తల్లి. నా మీద కోపం పెట్టుకోలేదు. నన్ను రావద్దని అనుకోలేదు. నేను వచ్చేటప్పటికి బోర్డు ఉండాలనుకుంది. మీరు అడిగారు కదా, పిల్లలూ. ఆ బోర్డు సంగతి ఇది.

ఆకులు కోసేశాక ఆ మొక్కలని తీసేసి, ఉడకబెట్టి పారేయాలట. అది అక్కడి పద్ధతట. ఎవరికీ చేతులు రాలేదట. "మీరు తీస్తారా అమ్మా?" అంది తుని అమ్మాయి.

"నేను ముట్టనమ్మా. వద్దని రాసింది కదా" అన్నాను. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. ఒక మొక్కకి తెల్ల ఆకుల పైన, చివర్న, కొత్త చిగురు ఒకటి వచ్చింది. గోరంత ఉంది. పచ్చగా ఉంది. చాలాసేపు దాన్నే చూశాను. మా అమ్మాయి చెప్పింది నిజమే. ఆ జీను చావలేదు. మళ్ళీ మాట్లాడుతోంది. మనుషుల్లో అలా ఉండదు.

పొరపాటు ఎవరిదో నేనింకా తేల్చుకోలేదు. దోమదని అంటారు, నా చేతిదని నాకనిపిస్తుంది, తనదని అది రాసుకుంది. ఎవరిదైతేనేం, అది తినకుండా నిలబడి ఆకులు కోసిందన్నది మాత్రం నిజం.

బయటికి వస్తే, చెప్పులు విడిచే చోట దాని కారియరు కడిగి బోర్లించి ఉంది. నేను తెచ్చిన అన్నం, పప్పు, వంకాయ కూర, పెరుగు అందులో సర్ది, అక్కడున్న పిల్లలందరినీ మెట్ల మీద కూర్చోబెట్టి వడ్డించాను. మొదట మొహమాటపడ్డారు. తుని అమ్మాయి ఏడుస్తూనే రెండోసారి కూర అడిగింది. ఖాళీ గిన్నెలు కడిగాను, కారియరు నాతో తెచ్చుకోలేదు. అక్కడే, చెప్పుల పక్కన వదిలి వచ్చాను. అది మీకే. ఎవరు తెచ్చుకున్నా అందులో తెచ్చుకోండి.

మొక్కలకి వేళ ఉంటుంది, ఆగవు, నాకు తెలుసు. నేనూ మొక్కల దానినే. కానీ లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పులు విడుస్తారు కదా, అప్పుడు ఒకసారి ఆ కారియరు చూడండి. ముందు కూర్చోండి. కడుపు నిండా అన్నం తిని లోపలికి వెళ్ళండి.